ఇల్లు అమ్మకానికి పెట్టారా? ప్రకటనలో వివరణ ఎలా రాయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మకానికి వచ్చిన ఇళ్లకు వివరణలు రాయడం నా పని. ఇంటి యజమానులు, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఏజెంట్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి. ఎక్కువమంది తడబడేది అక్కడే కాబట్టి వాటిని కుదించలేదు.

ఫొటోలు ఉన్నాయి, వీడియో కూడా ఉంది. ఇక వివరణ ఎవరు చదువుతారండీ?

కొనాలనుకున్నవాళ్లే చదువుతారు. ఊరికే చూసేవాళ్లు ఫొటోల దగ్గరే ఆగిపోతారు. నిజంగా ఇల్లు వెతుకుతున్నవాళ్లు ఫొటోలు చూశాక ఒక అనుమానంతో కిందికి వస్తారు: "గది బాగానే ఉంది, కానీ మంచం వేశాక బీరువా తలుపు తెరుచుకుంటుందా?" ఫోన్‌లో వైడ్ లెన్స్ పెట్టి తీస్తే చిన్న గది కూడా హాలంత కనిపిస్తుందని ఇప్పుడు అందరికీ తెలుసు. అందుకే ఫొటోను సగమే నమ్ముతారు. మిగతా సగం నమ్మకం అక్షరాల్లోంచి రావాలి.

పైగా ఫొటోకు అందనివి చాలా ఉంటాయి. గాలి ఎటునుంచి వస్తుంది, రాత్రి పడకగదిలోకి రోడ్డు చప్పుడు వస్తుందా, సాయంత్రం ఏ గది వేడెక్కుతుంది, వంటింట్లోంచి పెరట్లోకి నేరుగా దారి ఉందా, పై అంతస్తు కుళాయిలో నీళ్లు ధారగా పడతాయా. ఆ ఇంట్లో ఉండబోయే మనిషికి కావలసినవి ఇవే.

రాయడానికి కూర్చునే ముందు ఏం చేయాలి?

ఇంటికి వెళ్లాలి. టేపు, కాగితం, పెన్ను పట్టుకుని వెళ్లాలి. మీ సొంత ఇల్లే అయినా సరే, కొత్తగా చూస్తున్నట్టు గుమ్మం బయట నుంచి మొదలుపెట్టండి. ఏళ్ల తరబడి ఉన్న ఇంట్లో కంటికి అలవాటైపోయి మంచీ కనిపించదు, చెడూ కనిపించదు.

వీలైతే మూడు వేళల్లో చూడండి: పొద్దున, మధ్యాహ్నం, చీకటి పడ్డాక. తూర్పు కిటికీ గురించి మధ్యాహ్నం రాస్తే సగమే తెలుస్తుంది. పడమటి గోడ మధ్యాహ్నమంతా ఎండను పీల్చి, పొద్దుగూకాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. అది రాత్రి ఎనిమిదింటికి అరచెయ్యి గోడకు ఆనిస్తే తప్ప తెలియదు. ప్రతి కిటికీ తెరవండి. ప్రతి కుళాయి తిప్పండి. తలుపులన్నీ ఒకసారి మూసి చూడండి. ప్రతి గదిలో ఓ ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటే ఏ చప్పుళ్లు వస్తాయో అవే వినిపిస్తాయి.

తర్వాత అక్కడ ఉంటున్నవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "ఈ ఇంట్లో మీరు ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటారు?" నాకు ఇంతకంటే పనికొచ్చిన ప్రశ్న ఇంకోటి లేదు. ఓ పాత ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి పెద్దావిడను ఇదే అడిగాను.

"ఎక్కడ కూర్చుంటారమ్మా మీరు?"

"ఇంకెక్కడ బాబూ, ఇదిగో, ఇక్కడే" అంటూ పడకగది కిటికీ కింద రాతి గట్టును చేత్తో తట్టింది.

అప్పటికి ఆ గదిలోకి రెండుసార్లు వెళ్లి వచ్చాను, గట్టును పట్టించుకోనే లేదు. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక పక్క రాయి నునుపుదేలి మెరుస్తోంది. గోడలు పాతకాలం ఇటుక గోడలు, మందం అడుగున్నర, కాబట్టి గట్టూ అంత లోతుంది. పొడవు ఐదడుగులు. ఆవిడ లేచాక నేను కూర్చుని చూశాను. వీపు గోడకు ఆనుతుంది, కాళ్లు చాపుకోవచ్చు, కిటికీ ఊచల్లోంచి వీధి మలుపు దాకా కనిపిస్తుంది. ప్రకటన ఆ గట్టుతోనే మొదలుపెట్టాను. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామంది చెప్పులు విప్పుతూనే "ఆ గట్టున్న గది ఏదండీ?" అని అడిగారు.

మొదటి వాక్యంలో ఏం రాయాలి?

అదే ధరలో, అదే సైజులో ఉన్న పక్క ఇంటికి లేనిది ఏదైతే ఉందో అది. ఫోన్ తెరపై వివరణలో మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి, మిగతాది "ఇంకా చదవండి" వెనక దాక్కుంటుంది. ఆ కాస్త చోటునూ "మూడు పడకగదుల ఇల్లు అమ్మకానికి కలదు" అని వృథా చేయకండి. గదుల సంఖ్య, అంతస్తు, ధర పైన గళ్లలో ఉండనే ఉన్నాయి. చదివేవాళ్లు వాటితో వడపోసుకునే మీ ప్రకటన దాకా వచ్చారు.

ఏది రాయాలో తేలకపోతే, ఇల్లు చూసి వెళ్లిన ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి ఏం గుర్తుందో అడగండి. ముగ్గురూ ఒకే మాట చెబితే అదే మీ మొదటి వాక్యం.

"విశాలమైన", "అద్భుతమైన", "లగ్జరీ" అని రాస్తే తప్పేంటి? అందరూ అలాగే రాస్తున్నారు కదా.

అందరూ రాస్తున్నారు కాబట్టే అవి చదివేవాళ్ల కంటికి ఆనవు. "విశాలమైన" అన్న మాట మీద కన్ను నిలవదు. "హాలు 18 అడుగుల పొడవు" అంటే ఆగుతుంది, ఎందుకంటే చదివే మనిషి వెంటనే తన సోఫాను మనసులో అక్కడ పెట్టి చూసుకుంటాడు. పోల్చి చూసుకోవడం మొదలుపెట్టాడంటే ఇంట్లోకి ఓ అడుగు పెట్టినట్టే.

ప్రకటనల రంగంలో పాతకాలం నుంచి చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. 1958లో రోల్స్ రాయిస్ కారుకు ప్రకటన రాసిన డేవిడ్ ఒగిల్వీ "చాలా నిశ్శబ్దమైన కారు" అని రాయలేదు. గంటకు 60 మైళ్ల వేగంలో వెళ్తున్నా అందులో అన్నిటికంటే గట్టిగా వినిపించేది గడియారం చప్పుడే అన్న అర్థంలో రాశాడు. "నిశ్శబ్దం" అన్న విశేషణానికి బదులు చెవికి వినిపించే ఒక వస్తువును పెట్టాడు. ఇంటికీ అదే పద్ధతి. "ప్రశాంతమైన పడకగది" అనే బదులు "పడకగది ఇంటి వెనక వైపు ఉంది, రోడ్డుకూ దానికీ మధ్య రెండు గదులు అడ్డం" అని రాయండి.

ఒక ప్రకటనను విప్పి చూద్దాం. రోజూ కనిపించే రకం ఇది:

"అద్భుతమైన లొకేషన్‌లో విశాలమైన లగ్జరీ ఫ్లాట్ అమ్మకానికి కలదు. గాలి, వెలుతురు ధారాళం. అన్ని సౌకర్యాలతో కూడినది. మంచి అవకాశం, త్వరపడండి!!!"

ఇది ఏ ఫ్లాటుకైనా అతుకుతుంది. అదే ఫ్లాటును వెళ్లి చూసి రాస్తే ఇలా వస్తుంది:

"మూడో అంతస్తులో మూల ఫ్లాట్, కాబట్టి హాలుకు రెండు వైపులా కిటికీలున్నాయి. రెండూ తెరిస్తే ఫ్యాన్ వేయకపోయినా కర్టెన్లు కదులుతాయి. హాలు 18 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. పెద్ద పడకగదిలో ఆరడుగుల మంచం వేశాక రెండు పక్కలా నడవడానికి చోటుంటుంది. రెండో పడకగది చిన్నది, ఒక మంచం, ఒక బల్ల పడతాయి. వంటింటికి ఆనుకుని వాషింగ్ మెషీన్‌కు విడిగా చోటు, కుళాయి, డ్రెయిన్ ఉన్నాయి. లిఫ్ట్ ఉంది. కారు పార్కింగ్ ఒకటి, పైకప్పు కింద."

రెండోదానిలో పొగడ్త ఒక్కటీ లేదు. "రెండో పడకగది చిన్నది" అన్న మాటను కావాలనే ఉంచాను. ఒకచోట చిన్నదని ఒప్పుకుంటే మిగతా చోట్ల పెద్దదన్నా నమ్ముతారు.

ఇంకోమాట. మూడు ఆశ్చర్యార్థకాలు పెడితే అమ్మేవాళ్లు టెన్షన్‌లో ఉన్నారన్న సంగతే తెలుస్తుంది.

విస్తీర్ణం ఎలా చెప్పాలి?

ఏ విస్తీర్ణమో పేరు పెట్టి చెప్పండి. కార్పెట్ ఏరియా అంటే గోడల లోపల, కాళ్ల కింద ఉండే నేల. గోడల మందం, బాల్కనీ కలిపితే బిల్టప్. మెట్లు, లిఫ్ట్, లాబీ లాంటి ఉమ్మడి స్థలాల్లో మీ వాటా కూడా కలిపితే సూపర్ బిల్టప్. ఒకే ఫ్లాటుకు మూడు అంకెలు వస్తాయి, మూడూ నిజమే. పేరు చెప్పకుండా పెద్ద అంకె ఒక్కటే రాస్తే, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకు గుమ్మం లోపలే తేడా కొడుతుంది.

కొలమానాలు కలగలిపి రాయకండి. చదరపు గజానికి 9 చదరపు అడుగులు, చదరపు మీటరుకు దాదాపు 10.76. మొదట ఏది వాడితే చివరిదాకా అదే వాడండి.

గదులకు మాత్రం విస్తీర్ణం కంటే పొడవు, వెడల్పులు ఇవ్వడం మేలు. 10 అడుగులకు 14 అడుగుల గదీ 140 చదరపు అడుగులే, 7 అడుగులకు 20 అడుగుల గదీ 140 చదరపు అడుగులే. మొదటిది గది, రెండోది నడవా.

ఇంట్లో లోపం ఉంది. అదీ రాయాలా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు చాలామంది గొంతు తగ్గిస్తారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే: రాయాలి. ఎలా రాయాలన్నదే నేర్చుకోవాలి.

దీన్ని నేను దెబ్బతిని నేర్చుకున్నాను. పనిలోకి వచ్చిన కొత్తలో ఓ ఇంటికి "ప్రశాంతమైన వాతావరణం" అని రాశాను. నేను ఆ ఇల్లు చూసింది ఆదివారం. వెనక సందులో ఇనుప గేట్లు చేసే షెడ్డు ఆ రోజు మూసి ఉంది. కొనాలనుకున్న దంపతులు బుధవారం పొద్దున వచ్చారు, నేనూ వెళ్లాను. హాల్లోకి అడుగుపెట్టామో లేదో గ్రైండర్ మోత మొదలైంది. కిటికీ మూసినా పళ్లు జివ్వుమంటున్నాయి. ఆవిడ నావైపు తిరిగి, "ఏవండీ, మీరు ఈ ఇంటికి నిజంగా వచ్చి చూశారా?" అని అడిగింది. కోపంగా కూడా అనలేదు. ఆ తర్వాత వంటింటి గురించి, వరండా గురించి నేను చెప్పిన నిజాలేవీ వాళ్ల చెవికెక్కలేదు. ఆ ఇంటి యజమాని ఏ తప్పూ చేయలేదు, నష్టం మాత్రం ఆయనకు జరిగింది. అది నాకు ఇప్పటికీ బాధే.

కాబట్టి లోపాలను ఇలా విడదీసి చూసుకోండి. వచ్చినవాళ్లకు ఎలాగూ కనిపించేవి కొన్ని: లిఫ్ట్ లేదు, రోడ్డు ఇరుకు, ఒక పడకగదికి బాత్రూమ్ బయట ఉంది. వీటిని పైవరుసల్లోనే, ఒక్క మాటలో చెప్పేయండి. మెట్లెక్కలేనివాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటూ రెండో అంతస్తు దాకా వచ్చే బాధ తప్పుతుంది, మీకూ ఆ రోజు మిగులుతుంది.

బాగుచేసినవి కొన్ని ఉంటాయి. వీటికి ఏం జరిగింది, ఏం చేశారు, ఆ తర్వాత ఎలా ఉంది అన్న మూడూ రాయండి. "పడమటి గోడకు చెమ్మ వచ్చేది. నిరుడు ఎండాకాలం మేడ మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. తర్వాతి వానాకాలంలో చెమ్మ రాలేదు. బిల్లు ఉంది." ఇలా రాస్తే లోపమే నమ్మకంగా మారుతుంది. పెయింట్ కొట్టి దాచేస్తే, గోడ నిపుణుణ్ణి వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు అదే గోడ దగ్గర ఆగి వేలితో తట్టి చూస్తారు.

ఇంకా బాగుచేయనివి, నిర్మాణానికో పత్రాలకో సంబంధించినవి ఉంటే ముందు లాయర్‌తో మాట్లాడండి. ఏది తప్పనిసరిగా వెల్లడించాలన్నది చోటును బట్టి మారుతుంది. తప్పుడు వివరణను చాలాచోట్ల చట్టం తేలిగ్గా తీసుకోదు. బ్రిటన్‌లో ఇంటి ప్రకటనల్లోని తప్పుడు వివరణల కోసమే 1991లో విడిగా చట్టం తెచ్చారు. 2013లో దాన్ని రద్దు చేశాక కూడా ఆ బాధ్యత పోలేదు, వినియోగదారుల రక్షణ నిబంధనల కింద కొనసాగింది.

చుట్టుపక్కల గురించి ఎంత రాయాలి?

నడిచి చూసినంతే రాయండి. "అన్నిటికీ దగ్గర" అంటే ఏమీ చెప్పనట్టే. "బస్టాపుకు నడిచి ఆరు నిమిషాలు, మధ్యలో రోడ్డు దాటక్కర్లేదు" అంటే పిల్లలున్నవాళ్లకు, పెద్దవాళ్లున్న ఇంటికి పనికొస్తుంది. నిమిషాలు రాసేటప్పుడు నడకా, బండా అన్నది చెప్పండి. రాబోయే ఫ్లైఓవర్, రాబోయే మెట్రో గురించి రాయకపోవడమే మంచిది. అది మీ చేతిలో లేదు. పూర్తయి, నడుస్తున్నదాన్నే రాయండి.

"మంచి కుటుంబాలకు మాత్రమే", "ఫలానావాళ్లకే" అని రాయొచ్చా?

వద్దు. ఇంటిని వర్ణించండి, కొనే మనిషిని వర్ణించకండి. అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం ఆధారంగా ఫలానావాళ్లే కావాలని సూచించే ప్రకటన వేయడమే తప్పు. 1974లో స్త్రీ పురుష భేదాన్ని, 1988లో వైకల్యాన్ని, ఇంట్లో పిల్లలుండటాన్ని కూడా ఆ జాబితాలో చేర్చారు. చట్టం సంగతి పక్కన పెట్టినా, తనకు చోటు లేదని చదువుకున్న మనిషి మనసు నొచ్చుకుంటుంది. ఆ పని మన అక్షరాలతో జరగకూడదు.

"వృద్ధులకు అనుకూలం" అనే బదులు "గేటు నుంచి పడకగది దాకా ఒక్క మెట్టూ లేదు" అనండి. అది మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ, చక్రాల కుర్చీ వాడేవాళ్లకూ, పసిపిల్లల బండి తోసేవాళ్లకూ అందరికీ చేరుతుంది.

మాది పాత ఇల్లు. కొత్త ఫ్లాట్ల మధ్య దీనికి ఏం రాయగలం?

పాత ఇంటికే రాయడానికి ఎక్కువ ఉంటుంది. గోడల మందం, పైకప్పు ఎత్తు, టేకు దర్వాజాలు, పెరటి చెట్టు, అటక. వీటితోపాటు కొనేవాళ్ల భయం ఎక్కడుందో అక్కడికీ వెళ్లండి: వైరింగ్ ఎప్పుడు మార్చారు, నీళ్ల పైపులు ఎప్పుడు మార్చారు, పైకప్పుకు చివరిసారి ఏం చేయించారు. ఈ మూడూ ఏ సంవత్సరంలో జరిగాయో అంకెల్లో రాయండి. ఇంటి వయసు దాచకండి. మార్చనిది ఉంటే "వైరింగ్ పాతదే" అని రాసి, ధర దాన్ని లెక్కలోకి తీసుకునే పెట్టామని చెప్పండి.

చిన్న ఇల్లు అయితే?

చిన్నదని చెప్పండి. "ముద్దుగా", "పొందికగా" అని తిప్పి చెబితే అందరికీ అర్థమవుతుంది. చోటును ఎలా వాడుకున్నారో చూపండి: తలుపు పైన సజ్జ, మెట్ల కింద అల్మరా, గోడలోకి జరిగే తలుపు.

ఎంత పొడవు ఉండాలి?

ఫ్లాటుకు 120 నుంచి 200 మాటలు సరిపోతాయని నా అనుభవం. పెరడు, వాటాలు ఉన్న పెద్ద ఇల్లయితే ఇంకొంచెం. పేరాలు చిన్నవిగా ఉంచండి. ఇంట్లో నడిచే వరుసలోనే రాయండి, గుమ్మం నుంచి పెరటి దాకా. హాలు తర్వాత మేడ, మళ్లీ వంటిల్లు అని దూకితే చదివేవాళ్లు దారి తప్పుతారు.

"అర్జంట్ సేల్" అని పెడితే త్వరగా పోతుందంటారు. నిజమేనా?

ఫోన్లు త్వరగా వస్తాయి, బేరం ఆడటానికి. ఎందుకు అమ్ముతున్నారన్నది రాయక్కర్లేదు. ఎవరైనా అడిగితే అప్పుడు నిజం చెప్పండి.

రాయకూడనివి ఇంకేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, ఇది భద్రతకు సంబంధించినది. "ఇల్లు ఖాళీగా ఉంది, తాళం పక్కింట్లో" అని రాసిన ప్రకటనలు చూశాను. అది కొనేవాళ్లకే కాదు, దొంగలకూ కబురే. పగలు ఇంట్లో ఎవరూ ఉండరని, పెద్దావిడ ఒక్కరే ఉంటారని కూడా రాయొద్దు. అద్దెకున్నవాళ్లు ఉంటే వాళ్ల పేర్లు, సామాను, పిల్లల ఫొటోలు ప్రకటనలోకి రానివ్వకండి. చూడ్డానికి వచ్చే వేళలు వాళ్లను అడిగే రాయండి.

చాట్‌బాట్‌తో రాయించుకోవచ్చా?

అది మీ ఇల్లు చూడలేదు. "మూడు పడకగదులు, మూడో అంతస్తు" అని మాత్రమే ఇస్తే, మీ ఇంట్లో లేని వెలుతురును, లేని బాల్కనీని తనే చేర్చి చక్కగా రాసిస్తుంది. కింద సంతకం మాత్రం మీదే. మీరు టేపు పట్టుకుని రాసుకున్న కాగితాన్ని ఇచ్చి, అచ్చుతప్పులు చూడమనండి, పొడవు తగ్గించమనండి. తిరిగి వచ్చినదాన్ని ఒక్కో వాక్యం పట్టుకుని ఇంట్లో నడుస్తూ సరిచూడండి.

నెల దాటింది, ఫోన్లే రావడం లేదు. వివరణ మార్చాలా?

ముందు జబ్బు ఎక్కడుందో చూడండి. ప్రకటన తెరిచినవాళ్లే తక్కువైతే మొదటి ఫొటో, ధర చూడాలి. మాటలు మార్చి లాభం లేదు. తెరుస్తున్నారు కానీ ఫోన్ చేయడం లేదంటే వివరణలో ఏదో లేదు. వచ్చి చూసి వెనక్కి పోతున్నారంటే వివరణ ఒకటి చెబుతోంది, ఇల్లు ఇంకొకటి చూపిస్తోంది. అప్పుడు వచ్చి వెళ్లినవాళ్లకు ఫోన్ చేసి, "మీరు అనుకున్నదానికీ చూసినదానికీ తేడా ఎక్కడ అనిపించిందండీ?" అని అడగండి. వాళ్లు చెప్పేది మధ్యలో అడ్డుకోకుండా రాసుకోండి. ఫోన్ చేసినవాళ్లందరూ అడిగిన ప్రశ్నలను కూడా ఓ కాగితం మీద పెట్టుకోండి. ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిన రోజున దాని జవాబును తీసుకెళ్లి వివరణలో పై మూడు లైన్లలో పెట్టండి.